రేకులు లాగితే చాలదు
వాడిన పూలు తుంచేస్తే మొక్క మళ్లీ పూస్తుందని పూలమొక్కల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు, కరెక్టే, కానీ ఎక్కడ తుంచాలో చెప్పలేదు. మొదటి ఏడాది నేను మిద్దె మీద బంతి మొక్కలకి ఎండిన రేకులు మాత్రం లాగేసి మురిసిపోయాను, కొన్నాళ్లకే పూత తగ్గిపోయింది. గింజ కట్టేది రేకుల అడుగున ఉండే ఆకుపచ్చ బుడిపెలో అండీ, అది ఉన్నన్నాళ్లూ మొక్క బలం గింజలకే పోతుంది, అందుకని కాడతో సహా, కింది ఆకుల జతకి కాస్త పైన గిల్లేయాలి. గులాబీకైతే గోళ్లు పనికిరావు, కత్తెర కావాలి. ఐదు రెబ్బలున్న ఆకు చూసుకుని, బయటి వైపుకి తిరిగిన కన్నుకి (కొత్త చిగురు మొలిచే బుడిపెకి) కొంచెం పైన కోయండి. మందారానికి ఈ తిప్పలేం లేవు, పూసి దానంతటదే రాలిపోతుంది.

మా అత్తగారు రోజూ పూజకి పూలు కోసే వైపు కుండీలు నావాటికంటే ఎందుకు బాగా పూస్తాయో ఇప్పుడు అర్థమైంది! అన్నీ తుంచేయకండి మాత్రం, సీజన్ చివర్లో నాలుగు మంచి పూలు మొక్కకే ఎండనిస్తే వచ్చే ఏడాది నారుకి గింజలుంటాయి. హైబ్రిడ్ ముద్దబంతి అయితే అచ్చం అలాంటి పూలే వస్తాయని ఆశ పెట్టుకోవద్దు.