పంచదారే కదా అన్నాను

మా పాపకి ఏడో పుట్టినరోజు. పిలిచింది 28 మంది పిల్లల్ని. రిటర్న్ గిఫ్టు ఏమివ్వాలి అన్నదాని మీద ఇంట్లో మూడు రోజులు చర్చ నడిచింది, పెన్సిల్ బాక్సులు అందరూ ఇచ్చేస్తున్నారు, ప్లాస్టిక్ బొమ్మలు ఇంటికి చేరేలోపే విరిగిపోతాయి, పుస్తకాలిస్తే పిల్లలు మా పాపతో మాట్లాడ్డం మానేస్తారు. అదిగో అప్పుడు నేను నోరు జారాను. "మనమే ఇంట్లో క్యాండీలు చేసి రంగు కాగితాల్లో చుట్టి ఇద్దాం, ఎంతసేపు, పంచదారే కదా" అన్నాను.

నా ధైర్యానికి కారణం నాలుగు నిమిషాల వీడియో ఒకటి. అందులో ఒకావిడ తెల్లటి ఆప్రాన్ వేసుకుని నవ్వుతూ పంచదార, నీళ్ళు, గ్లూకోజ్ సిరప్ గిన్నెలో పోసింది, మరిగించింది, రంగు కలిపింది, అచ్చుల్లో పోసింది, అద్దం ముక్కల్లాంటి క్యాండీలు టపటపా రాలిపడ్డాయి. ఆప్రాన్ మీద ఒక్క మరక లేదు. అనుమానించాల్సింది నేను అక్కడే.

మర్నాడే సరంజామా దిగింది. ఎలుగుబంటి, నక్షత్రం, గుండె ఆకారాల్లో సిలికాన్ అచ్చులు, డిజిటల్ థర్మామీటరు, సెలోఫేన్ కాగితం, రిబ్బను, ఇంకా పిల్లల పేర్లు ప్రింట్ చేయించిన 28 ట్యాగులు, వాటి మీద "మా చేతులతో, మీ కోసం" అని వంకర అక్షరాల్లో. క్యాండీ అన్నది ఇంకా పుట్టనే లేదు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత మా అమ్మ సగం చెప్పి వదిలేసింది, మిగతా సగం నన్ను చూస్తూ మనసులో అనుకుంది.

వంటింటి గడప మా పాపకి సరిహద్దు. పాకం దగ్గరికి రాకూడదన్నది నేను తీసుకున్న ఒకే ఒక్క తెలివైన నిర్ణయం, ఎందుకంటే వేడినీళ్ళు చిందితే జారిపోతాయి గానీ పాకం చిందితే చర్మానికి అతుక్కుని అక్కడే కాలుస్తూ కూర్చుంటుంది. అందుకని గడప అవతల స్టూలు వేసుకుని కూర్చుంది. పై రెండు పళ్ళూ ఈమధ్యే ఊడిపోయాయి, అయినా కామెంటరీకి లోటు లేదు.

మొదటి వాయి నాది. రెసిపీలో "300 డిగ్రీలు వచ్చేదాకా మరిగించాలి" అని ఉంది. థర్మామీటరు ముంచాను. 104, 105, 106 దగ్గర అది కదలనంటే కదలను అని భీష్మించుకుంది, నీళ్ళు ఆవిరైపోయేదాకా పాకం వేడెక్కదు కదా, అది నాకూ తెలుసు, అదే విషయం మా పాపకి వివరంగా చెప్పాను, తను ఆవలించింది. తర్వాత నీళ్ళు తగ్గేకొద్దీ అంకెలు పరుగు మొదలుపెట్టాయి. 130. 140. 150 దగ్గర బుడగలు బద్ధకంగా, దళసరిగా, గాజులా ఎంత అందంగా ఉన్నాయో, ఆహా సగం దూరం వచ్చేశాం అనుకున్నాను. 165 దగ్గర బంగారు రంగు. 180 దగ్గర మహోగని బల్ల రంగు.

"ఏవండీ, ఏదో మాడుతున్నట్టుంది" అని హాల్లోంచి మా ఆవిడ.

"ఇంకా 120 డిగ్రీలు పోవాలి, నీకు తెలీదు, ఇది సైన్సు" అని వంటింట్లోంచి నేను.

తర్వాత పొగ. మామూలు పొగ కాదు, కళ్ళల్లో నీళ్ళు తెప్పించే చేదు పొగ. కిటికీలు తెరిచాం, ఫ్యాన్లు వేశాం, స్టవ్ ఆపాం, ఈ మూడూ చేయాల్సిన వరసకి సరిగ్గా తిరగేసి చేశామని తర్వాత తెలిసింది. గిన్నెలో నల్లగా, నిగనిగలాడుతూ, నెమ్మదిగా ఉబ్బుతూ ఏదో ఉంది. గడప అవతలి నుంచి మా పాప, "నాన్నా, రోడ్డు వేస్తున్నావా?" అంది.

థర్మామీటరు వెనక చిన్న మీట ఉంటుందండీ. ఒకవైపు సెల్సియస్, ఒకవైపు ఫారెన్‌హీట్. వీడియోలో ఆవిడ చెప్పిన 300 ఫారెన్‌హీట్. అందులోంచి 32 తీసేసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగిస్తే సెల్సియస్‌లో 149 వస్తుంది. అంటే గాజులా అందంగా ఉందే, సగం దూరం వచ్చాం అనుకున్నానే, అదే గమ్యం. దిగాల్సిన స్టేషన్లో కిటికీలోంచి చెయ్యి ఊపి ముందుకెళ్ళిపోయాను. ఈ లెక్క నేను స్కూల్లో చేశాను, మార్కులు కూడా వచ్చాయి.

ఇక రెండో వాయి మా అమ్మ చేతిలోకి వెళ్ళింది. వెళ్ళిందంటే తనే లాక్కుంది. "పాకం చూడ్డానికి మిషనేంట్రా, చన్నీళ్ళు లేవా ఇంట్లో" అని గిన్నెడు చన్నీళ్ళు పక్కన పెట్టుకుంది. చెంచాతో చుక్క పాకం నీళ్ళలో వేస్తుంది, వేళ్ళతో తడుముతుంది. ముందు తీగ సాగింది. కాసేపటికి మెత్తటి ఉండ అయింది. ఇంకాసేపటికి గట్టి ఉండ. ఆ తర్వాత ఉండ కూడా కాకుండా, నీళ్ళలో పడగానే గట్టిపడి, విరిస్తే టక్కున విరిగింది. "ఇదిగో, ఇదీ పాకం" అంది. నేను దొంగచాటుగా థర్మామీటరు పెట్టి చూశాను. 149. నిజం చెప్పొద్దూ, కాళ్ళకి దండం పెట్టాలనిపించింది, కానీ అంతకుముందే సైన్సు గురించి ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను కదా, ఊరుకున్నాను.

అంతవరకూ బాగానే ఉంది. రంగు కలపాలి. గులాబీ రంగు. స్టవ్ మీంచి దించి, చేతికందిన గరిటె తీసుకుని అమ్మ తిప్పడం మొదలుపెట్టింది. ఆ గరిటె అంతకుముందే పంచదార డబ్బాలో మునిగి వచ్చింది. దానికి నాలుగు పలుకులు అంటుకుని ఉన్నాయి. అంతే. గిన్నెలో ఒక మూల చిన్న మబ్బు పట్టినట్టయింది, అది చూస్తుండగానే అటూ ఇటూ పాకింది, అమ్మ "అడుగంటుతోందిరా" అని ఇంకా జోరుగా తిప్పింది, పది సెకన్లలో గిన్నెంతా బరకగా, పొడిగా, గులాబీ రంగు ఇసకలా అయిపోయింది.

పంచదారకి ఎప్పుడూ మళ్ళీ పలుకులుగా పేర్చుకోవాలనే ఆరాటం. ఒక్క పలుకు దారి చూపిస్తే చాలు, మిగతావన్నీ దాని వెనకే వరస కట్టేస్తాయి, పైగా గరిటెతో కలియబెడితే పెళ్ళివారిని పిలిచినట్టే. గ్లూకోజ్ సిరప్ పోసేది ఇందుకే, అది పలుకుల మధ్యలో అడ్డంగా కూర్చుని వాటిని కలవనివ్వదు. ఆ సిరప్పేమో "అదెందుకురా దండగ" అని అమ్మ పక్కన పెట్టించింది.

మొత్తమ్మీద మేము చేసిన పని ఏంటయ్యా అంటే, రెండు కప్పుల పంచదార తీసుకుని, నలభై నిమిషాలు గ్యాస్ కాల్చి, రెండు కప్పుల పంచదార తయారుచేశాం. కాకపోతే గులాబీ రంగుది.

"గిన్నె మంచిది కాదు" అంది అమ్మ. గిన్నె ఏమీ అనలేదు.

అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. తెల్లారితే పార్టీ. మా ఆవిడ చీర కొంగు బిగించి వచ్చి మా ఇద్దర్నీ వంటింట్లోంచి పంపించేసింది. నన్ను మాత్రం గిన్నె కడగడానికి ఉంచింది. మాడిన గిన్నెని స్టీలు పీచుతో ముప్పావుగంట రుద్దాను, చేతి గోళ్ళు అరిగాయి గానీ ఆ నలుపు అలాగే ఉంది. పక్కన మా ఆవిడ, పాకం గట్టిపడి రాయిలా పట్టుకున్న గరిటెల్ని వేడినీళ్ళ గిన్నెలో పడేసి తన పని తను చూసుకుంది, పది నిమిషాల్లో అవి తళతళా బయటికొచ్చాయి. మామూలు నీళ్ళే లీటరుకి దాదాపు 2 కిలోల పంచదారని కరిగించేసుకుంటాయి, వేడినీళ్ళైతే ఇక చెప్పేదేముంది. పాకాన్ని రుద్దకూడదు, నానబెట్టాలి. ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా అంటే, "అడిగారా?" అంది.

ఆవిడ చేతిలో పాకం ఎంత బుద్ధిగా ఉందో. సిరప్ పోసింది, కరిగాక గరిటె పక్కన పెట్టేసింది, గిన్నె అంచులకి అంటిన పలుకుల్ని తడి బ్రష్‌తో కిందకి తుడిచేసింది, మీట ఎటువైపు ఉందో రెండుసార్లు చూసుకుంది, 149 రాగానే దించేసింది, బుడగలు చల్లారాక ఎసెన్సు వేసింది, అచ్చుల్లో పోసింది. మొత్తం 56 క్యాండీలు, మనిషికి రెండు లెక్కన. లైటుకి ఎదురుగా పట్టుకుంటే అవతల మా అమ్మ మొహం కనిపించింది, అది కూడా ఒప్పుకున్నట్టే ఉంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, మా ఆవిడ ఇది చదవదన్న ధైర్యంతో చెప్తున్నాను. పాకం మరుగుతున్నప్పుడు తను ఫోనొచ్చి అవతలికెళ్ళింది. ఆ రెండు నిమిషాల్లో నేను, పిల్లలకి పుల్లగా ఉంటే ఇష్టం కదా అని, ఓ చెంచాడు సిట్రిక్ యాసిడ్ వేసేశాను. పుల్లదనం ఆఖర్న, దించాక కలపాలిట. మరిగేటప్పుడు వేస్తే అది పంచదారని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కింద విడగొట్టేస్తుంది. కొంచెమైతే మంచిదే, పలుకులు కట్టనివ్వదు. చెంచాడైతే ఫ్రక్టోజ్ ఎక్కువైపోయి, అది గాల్లో తేమ ఎక్కడుంటే అక్కడి నుంచి చుట్టాన్ని పిలిచినట్టు పిలుచుకొస్తుంది.

ఆ రాత్రి బయట కుండపోత వాన.

"ఇప్పుడు చుడితే నిద్రలో తప్పులు పోతాయి, పొద్దున్నే ఫ్రెష్‌గా చుడదాం" అనుకుని 56 క్యాండీలూ ఒకే స్టీలు డబ్బాలో పోసి, కరిగిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టాం. ఫ్రిజ్ అన్నమాట ముందు ఎవరి నోట్లోంచి వచ్చిందన్న దాని మీద మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. పొద్దున తీసి బల్ల మీద పెట్టి, మూత తీసి, కాఫీ తాగి వచ్చేసరికి, చల్లటి క్యాండీల మీద గాల్లో తేమంతా చెమటలా పట్టేసి, ఎలుగుబంట్లు నక్షత్రాల్ని కావలించుకుని, నక్షత్రాలు గుండెల్లోకి దిగిపోయి, అందరూ కలిసి డబ్బా ఆకారంలో ఒకే క్యాండీ అయిపోయారు. డబ్బా తిరగేశాం. రాలేదు. అడుగున కొట్టాం. బల్ల కదిలింది.

పదకొండింటికి పిల్లలొస్తారు. టైము ఎనిమిది.

నేను వెళ్ళి సుత్తి తెచ్చాను. డబ్బా బయట వేడిగుడ్డ చుట్టి, ఆ ముద్దలో ముప్పావు భాగం ఊడబెరికి, మందపాటి బట్టలో మూటగట్టి కొట్టడం మొదలుపెట్టాను. కింది ఇంటాయన వచ్చి "మేకులు కొడుతున్నారా సార్" అని మర్యాదగా అడిగాడు. "లేదండీ, క్యాండీలు" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా మెట్లు దిగిపోయాడు.

ముక్కలైతే వచ్చాయి గానీ మళ్ళీ ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. అప్పుడు అమ్మ నింపాదిగా లేచి, రాత్రి గులాబీ ఇసక మిక్సీలో వేసి మెత్తగా పొడి కొట్టి, పళ్ళెంలో పరిచి, ముక్కల్ని అందులో దొర్లించింది. పొడి పైన పట్టేసరికి జిగురు కాస్త అణిగింది, చూడ్డానికి కూడా ఏదో కావాలని చేసినట్టే ఉన్నాయి. మనిషికి అయిదారు ముక్కలొచ్చాయి. "ఆఖరికి ఎవరి వాయి పనికొచ్చింది?" అని అమ్మ ఆ రోజు మూడుసార్లు అడిగింది, సమాధానం తెలిసీ.

సెలోఫేన్‌లో పోసి, గాలి దూరకుండా మెలిపెట్టి, రిబ్బను కట్టి, ట్యాగులు వేలాడదీశాం. "మా చేతులతో, మీ కోసం". పక్కన "సుత్తితో" అని రాయడానికి చోటు లేదు.

పార్టీ బాగానే అయింది. పిల్లలు పొట్లాలు పట్టుకుని వెళ్ళిపోయారు. నేను సోఫాలో కూలబడి కాళ్ళు చాపుకున్నాను, సాయంత్రం ఆరున్నరకి ఫోను. పాప క్లాసులో ఒకబ్బాయి వాళ్ళమ్మగారు.

"అన్నయ్యగారూ, మీరిచ్చిన ఆ గులాబీ రంగు రాళ్ళు..."

"క్యాండీలండీ."

"ఆఁ, అవే. మావాడు ఒకటి కొరికాడు. పన్ను ఊడి దానికే అతుక్కుని వచ్చేసింది."

నాకు చెమటలు పట్టేశాయి. సారీ అన్నాను, డాక్టరు అన్నాను, నేను తీసుకెళ్తానన్నాను, ఇంకా ఏవేవో అన్నాను.

"అయ్యో, అది కాదండీ, ఆ పన్ను ఇరవై రోజులుగా ఊగుతోంది, వాడు ముట్టుకోనిచ్చేవాడు కాదు, అన్నం కూడా ఒక పక్కనే నమిలేవాడు, నిమిషంలో పనైపోయింది, ఏడవను కూడా ఏడవలేదు" అని ఆవిడ కాస్త ఆగి, "పక్క పన్ను కూడా కదులుతోంది. ఇంకో ముక్క ఏమైనా మిగిలి ఉందా?" అంది.

వంటింట్లోకి తొంగిచూశాను. గట్టు మీద స్టీలు డబ్బా ఉంది. అడుగున పావు భాగం అలాగే పట్టుకుని ఉంది.

"ఉందండీ" అన్నాను. "డబ్బాతో సహా పంపమంటారా?"