అడగకపోవడమే విశ్వాసమా?

క్రైస్తవ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. సారాంశం ఇది: "నిజంగా విశ్వాస జీవితం గడిపే మిషనరీ కుటుంబం తన అవసరం దేవుడికే చెబుతుంది, మనిషికి చెప్పదు. ఇంగ్లండ్‌లో అనాథాశ్రమం నడిపిన జార్జ్ ముల్లర్ ఎవరినీ ఒక్క పైసా అడగలేదు. ఏలీయా ప్రవక్తను కాకులు పోషించాయి. సపోర్ట్ లెటర్లు (సాయం కోరే ఉత్తరాలు) రాయడం, పక్కన ఉద్యోగం చేయడం, రేపటికి దాచుకోవడం, ఇన్సూరెన్స్ కట్టడం, అన్నీ అవిశ్వాసమే. దేవుడు పంపినవాడికి కొరత రాదు. వచ్చిందంటే దేవుడు పంపలేదని అర్థం." నాకు ఇది పంపినవాళ్ళలో ఎక్కువమంది నెల తిరగ్గానే జీతం పడేవాళ్ళే. వాళ్ళ భక్తిని నేను అనుమానించడం లేదు. కానీ ఈ మెసేజ్ పెట్టే బరువు ఎవరి భుజం మీద పడుతోందో వాళ్ళు ఆలోచించినట్టు లేదు.

ఇంతకీ ఈ కుటుంబాలు ఎవరు? 1960లో మొదలైన యూత్ విత్ ఎ మిషన్ లాంటి క్రైస్తవ మిషనరీ సంస్థల్లో పనిచేసేవాళ్ళకు జీతం ఉండదు. వంటగదిలో గిన్నెలు కడిగేవారైనా, క్లాసులు చెప్పేవారైనా వాలంటీర్లే. ఇంటద్దె, ప్రయాణాలు, వీసాలు, పిల్లల చదువు, జబ్బు చేస్తే మందులు, అన్నీ వాళ్ళను పంపిన సంఘమూ (అంటే చర్చీ) తెలిసినవాళ్ళూ ఇచ్చే కానుకల మీదే నడవాలి. "సంస్థ వాళ్ళకి ఇస్తుందిగా, మనం ఎందుకు?" అనుకునేవాళ్ళు సంఘాల్లో కొల్లలు. సంస్థ ఇవ్వదు. సంఘం సంస్థ ఇస్తుందనుకుంటుంది. ఆ కుటుంబం మాత్రం నోరు విప్పకూడదు!

ఇక ముల్లర్ సంగతి. మెసేజ్‌కి ప్రాణమంతా అక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. ఆయన అడగలేదన్నది నిజమే. 1830లో ఇంగ్లండ్‌లోని టిన్‌మత్ సంఘంలో పాస్టరుగా ఉండగా స్థిరమైన జీతం వద్దనుకున్నాడు. బ్రిస్టల్‌లో 1836లో అనాథాశ్రమం తెరిచాక కూడా ఎవరి దగ్గరా చేయి చాచలేదు. తన జీవితకాలంలో పదివేల మందికి పైగా పిల్లల్ని సాకాడు. ఇందులో ఒక్క అక్షరం కూడా తీసేయనక్కర్లేదు.

మెసేజ్ వదిలేసిన భాగం వేరే ఉంది. జీతం వద్దన్న ఆయన, ఇష్టమున్నవాళ్ళు వేయడానికి ప్రార్థనా మందిరంలో ఒక పెట్టె పెట్టించాడు. ఏటా నివేదిక అచ్చు వేయించి ఏ కానుక వచ్చిందో, ఎంత ఖర్చయిందో అందరి ముందూ పెట్టాడు. బహిరంగ సభలు పెట్టి పని ఎలా సాగుతోందో చెప్పాడు. 1841 చివర్లో ఆశ్రమం డబ్బుకి బాగా ఇబ్బంది పడింది. అప్పుడు ఆయన ఏటా జరిపే సభనూ నివేదికనూ కావాలని వాయిదా వేశాడు. ఎందుకంటే ఆ పరిస్థితిలో నివేదిక చదివితే అది అడిగినట్టే అవుతుంది. అంటే నివేదికకు అడిగే శక్తి ఉందని ఆయనకు బాగా తెలుసు. తెలిసే, మామూలు రోజుల్లో దాన్ని ఆపకుండా అచ్చు వేయించాడు.

అంతకన్నా ముఖ్యమైనది, అడగకూడదని ఆయన ఎందుకు పెట్టుకున్నాడన్నది. ప్రార్థనకు దేవుడు జవాబిస్తాడని కళ్ళారా చూపించడమే ఆశ్రమం మొదటి ఉద్దేశం అని ఆయనే రాసుకున్నాడు. ఆ సాక్ష్యం నిలవాలంటే అడగకుండా ఉండాలి. అది ఆయన తన పనికి తాను పెట్టుకున్న నియమం. మిగతా మిషనరీలకు ఆయన చాలా డబ్బు పంపాడు, చైనాలో పనిచేసిన చైనా ఇన్‌లాండ్ మిషన్ అనే సంస్థ వాళ్ళతో సహా. వాళ్ళ పని గురించీ అవసరాల గురించీ ఏదో ఒక దారిలో తెలియకుండానే పంపాడా? చందాలు అడగకూడదని నియమం పెట్టుకున్న ఆ చైనా మిషన్ కూడా, హడ్సన్ టేలర్ 1865లో స్థాపించిన నాటి నుంచీ, ఇంగ్లండ్‌లో కానుకలు అందుకుని లెక్క చూసే మనిషిని పెట్టుకుంది. 1875 నుంచి సొంత పత్రిక నడిపింది. నోరు కట్టేసుకుని కూర్చోలేదు.

"మనిషికి చెప్పకూడదు" అన్న నియమం ఇవాళ ఆచరణలో ఏమవుతుందో చెప్పనా? ప్రార్థనా లేఖ వస్తుంది. "వచ్చే నెల మా ప్రయాణం నిమిత్తం, ప్రభువు తన సమయంలో ద్వారాలు తెరిచేలా ప్రార్థించండి." చదివిన ప్రతివాడికీ అర్థమవుతుంది, టికెట్ ఇంకా కొనలేదని. రాసినవాళ్ళకీ తెలుసు అందరికీ అర్థమవుతుందని. ఇద్దరూ అర్థం కానట్టు నటించాలి. "టికెట్‌కి ఇంత తక్కువైంది, వీలైతే సాయం చేయండి" అని సూటిగా రాయడం కన్నా ఇది ఏ రకంగా పవిత్రమో నాకు అంతుపట్టదు. ప్రయాణమవుతున్న జేనానూ అపొల్లోనూ సాగనంపమని తన తోటి పనివాడు తీతుకు రాసేటప్పుడు అపొస్తలుడైన పౌలు ద్వారాలు తెరవమని ప్రార్థించమనలేదు, వాళ్ళకు ఏమీ తక్కువ కాకుండా చూడమన్నాడు.

ఏలీయా కాకుల కథ మెసేజ్‌లో సగంలోనే ఆగిపోయింది. కెరీతు వాగు ఎండిపోయింది. దేవుడు ఆయన్ని సారెపతుకు పంపాడు. ఊరి గవిని దగ్గర కట్టెలు ఏరుకుంటున్న విధవరాలు కనబడితే ఏలీయా ఏం చేశాడు? ముందు నీళ్ళు అడిగాడు. ఆమె వెళ్తుంటే వెనక్కి పిలిచి రొట్టె ముక్క కూడా అడిగాడు. అదీ ఆఖరి పిండితో తనకీ కొడుక్కీ వండుకుందామనుకుంటున్న మనిషిని! ఇంత మొహమాటం లేకుండా ఏ సపోర్ట్ లెటరూ అడగదు.

పక్కన ఉద్యోగం చేయడం గురించి పెద్దగా వాదించాల్సిన పని లేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. మక్దొనియ నుంచి తోటి పనివాళ్ళు సీల, తిమోతి వచ్చాక పూర్తిగా వాక్యం చెప్పే పని మీద పడ్డాడు. ఫిలిప్పీ సంఘం పంపిన కానుక తీసుకున్నాడు, కొరింథు వాళ్ళ దగ్గర మాత్రం తీసుకోనన్నాడు. ఒకే మనిషి, పరిస్థితిని బట్టి పద్ధతి మార్చాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీ విలియం కేరీ బెంగాల్‌లో నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరుగా ఐదేళ్ళు పనిచేశాడు. తర్వాత ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పి, వచ్చిన జీతంలో ఎక్కువ భాగం మిషన్ ఉమ్మడి ఖర్చుకే ఇచ్చాడు. (1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించినాయన కూడా ఈయనే.) ముల్లర్ బావమరిది ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ అయితే ఈ మెసేజ్ రాసినవాళ్ళకు బాగా నచ్చాల్సిన మనిషి. ఆస్తి కూడబెట్టొద్దని 1825లోనే చిన్న పుస్తకం రాశాడు. ఎక్సెటర్‌లో దంతవైద్యం వదిలేసి 1829లో బాగ్దాదుకు బయలుదేరాడు. ఆయన కూడా తర్వాత చిత్తూరులో వ్యవసాయం పెట్టి, ఆ ఆదాయంతో పరిచర్య నడపాలని చూశాడు.

దాచుకోవడం, ఇన్సూరెన్స్: తన ఇంటివాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. ఎలీషా ప్రవక్త దగ్గరికి ఏడుస్తూ వచ్చిన స్త్రీ ఎవరో గుర్తు చేసుకోండి. ప్రవక్తల శిష్యుల్లో ఒకడి భార్య. దేవుడికి భయపడే భర్త అప్పులు మిగిల్చి చనిపోయాడు, అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకుల్ని బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చాడు. అద్భుతం జరిగింది, నిజమే. జరిగాక ఎలీషా ఏమన్నాడు? నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. ఇక్కడితో ఈ ముక్క వదిలేద్దాం.

మెసేజ్‌లో అన్నిటికన్నా కఠినమైన మాట చివరిది. "కొరత వచ్చిందంటే దేవుడు పంపలేదు." ఆకలిదప్పుల్లో, చలిలో, దిగంబరత్వంలో ఉన్నానని కొరింథీయులకు రాసిన పౌలును దేవుడు పంపలేదా? కేరీ 1793లో బయలుదేరేటప్పుడు భార్య డొరతీ మొదట రానంది, చివరి క్షణంలో ఒప్పుకుంది. కలకత్తాలో మొదటి నెలల్లోనే డబ్బు అయిపోయి కుటుంబం నానా అవస్థలూ పడింది. 1794లో ఐదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు. ఆమె మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయేదాకా కుదుటపడలేదు. సేవ చరిత్రలో కేరీ పేరు పక్కన ఈ సంగతి చెప్పడానికి మనకు ఇబ్బంది. కానీ కొరతను విశ్వాసానికి కొలబద్ద చేసేవాళ్ళు ఆమె గురించి ఏం చెబుతారు?

పిలుపు వచ్చిందని చెప్పేది చాలాసార్లు ఒక్కరే, నియమం కింద బతికేది మాత్రం ఇంటిల్లిపాదీ. ఇలాంటి ఇంట్లో పెరిగే పాప చెప్పులు తెగిపోతే కొత్తవి కావాలని అమ్మని అడగదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుణ్ణి అడుగుతుంది, అమ్మకి వినబడేలా. పెద్దవాళ్ళ లేఖల్లోని భాష పిల్లలకీ వచ్చేస్తుంది. దీన్ని సాక్ష్యంగా చెప్పుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళని చూశాను. నాకైతే అది సంఘం సిగ్గుపడాల్సిన విషయంలా అనిపిస్తుంది.

ఈ మెసేజ్ ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. లేని అనాథల ఫొటోలు పంపేవాళ్ళున్నారు. ఒకే అవసరానికి నాలుగు చోట్ల వసూలు చేసేవాళ్ళున్నారు. ఇవ్వకపోతే శాపం తగులుతుందని బెదిరించేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద విసుగొచ్చే చాలామంది "అసలు అడగనివాడే దేవుని మనిషి" అనే దాకా వెళ్ళారు. కానీ దొంగలు అడిగారని నిజాయితీపరుల నోరు నొక్కితే దొంగలకేం నష్టం? వాళ్ళు అడుగుతూనే ఉంటారు.

మోసానికి మందు లెక్క. యెరూషలేము పేదల కోసం వసూలైన కానుక తీసుకెళ్ళేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా పౌలు సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడు తీసుకెళ్ళాడు. మీరు పోషించే కుటుంబాన్ని అదే అడగండి: నెలకి ఎంత కావాలి, ఇప్పుడు ఎంత వస్తోంది, మీ లెక్క మీ ఇద్దరూ కాకుండా ఇంకెవరు చూస్తారు? పిల్లల చదువుకీ వైద్యానికీ ఏం ఏర్పాటు ఉందో కూడా మీరే అడగండి, వాళ్ళు బయటపెట్టడానికి మొహమాటపడేది అదే. సూటిగా చెప్పేవాళ్ళకు నిశ్చింతగా ఇవ్వండి. "నేను దేవుడికే జవాబుదారీ, లెక్కలు మనుషులకి చూపించను" అనేవాళ్ళకు ఇవ్వకండి. ముల్లర్ తనకి వచ్చిన కానుకలకు రసీదులు ఇచ్చాడు.