నవంబరు ఒకటి మనకూ పండుగే

కర్ణాటక అవతరణ దినమైన రాజ్యోత్సవానికి, నవంబరు ఒకటిన, బెంగళూరు ఆటోలు పసుపు, ఎరుపు జెండాలు కట్టుకుంటాయి. కూడళ్లలో కన్నడ తల్లిగా కొలిచే భువనేశ్వరీదేవి పటానికి పూలదండలు వేస్తారు. డొళ్లు కుణిత బృందాలు పెద్ద పెద్ద డోళ్లు మోగిస్తూ ఊరేగుతాయి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మన తెలుగు ఇళ్లలో చాలావాటికి మాత్రం అది సెలవు రోజు, అంతే. శని, ఆదివారాలు కలిసొస్తే తిరుపతికో సొంతూరికో ప్రయాణం. ‘వాళ్ల పండుగ, మనకేమిటి’ అనే ఈ ధోరణి నన్ను బాధిస్తుంది. ఆ రోజుకు దారి వేసినవారిలో మనవాళ్లూ ఉన్నారు.

ఒకే రాష్ట్రంగా కలవాలన్న కన్నడిగుల కల వారి సొంతం. 1890లోనే ధారవాడలో కర్ణాటక విద్యావర్ధక సంఘం పుట్టింది. మైసూరు సంస్థానం, బొంబాయి, మద్రాసు, నిజాం రాజ్యం, కొడగు మధ్య చీలిపోయిన కన్నడ నేలను ఒకటి చేయడానికి ఆలూరు వెంకటరావు జీవితాన్నే ధారపోశారు. కానీ ఢిల్లీని కదిలించింది పొట్టి శ్రీరాములు మరణం. 1952 డిసెంబరు 15న మద్రాసులో ఆయన నిరాహారదీక్షలోనే కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి మైసూరుకు వెళ్లింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు వచ్చాయి. ఆ వెనుకే రాష్ట్రాల పునర్విభజనకు ఫజల్ అలీ కమిషన్ వేశారు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడుగా విడిపోయి, తెలంగాణ ఆంధ్రతోనూ, రాయచూరు, గుల్బర్గా ప్రాంతాలు మైసూరుతోనూ కలిశాయి. అంటే విశాల మైసూరు, ఆంధ్రప్రదేశ్ పుట్టింది ఒకే రోజున. కర్ణాటక అన్న పేరు 1973 నవంబరు 1న, దేవరాజ్ అరసు ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే బంధం మరింత చిక్కనిది. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆముక్తమాల్యదలో ఆ మాటకు కాస్త ముందే, కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు తాను తెలుగురాయడినని చెబుతూ శ్రీకృష్ణదేవరాయలను ‘కన్నడరాయ’ అని పిలుస్తాడు. తెలుగులో కావ్యం రాయమని దేవుడు అడిగింది కన్నడరాయుణ్ణి! ఆ పిలుపును మరిచి తెలుగు లెస్స అని మాత్రమే అనుకోవడం సగం పద్యం చదివినట్టే.

కాబట్టి ఇక్కడ పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఉండి కూడా కన్నడం రాదనడానికి తెలుగువారికి సాకు లేదు. లిపి అక్కచెల్లెళ్ల పోలిక, తలకట్టు తేడా పట్టుకుంటే వారంలో దుకాణాల బోర్డులు చదవవచ్చు. కన్నడ ఉద్యమకారుడు మా. రామమూర్తి 1960లలో రూపొందించిన ఆ కన్నడ జెండా రంగులను పసుపు, కుంకుమ అంటారు. అవి మన గడపకు కొత్తవా?

కిందటి రాజ్యోత్సవానికి మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు కర్ణాటక రాష్ట్రగీతం ‘జయ భారత జననియ తనుజాతె’ చూడకుండా పాడారు. పెద్దవాళ్లం ఫోన్లలో చూసి పాడాం. ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయ్యాక మా చిన్నది ఒక్కో చరణం చెబుతోంది, మేం వల్లె వేస్తున్నాం.