పడటం నేర్చిన నటుడు

ఇంగ్లిష్ సినిమా హాస్యనటుడు నార్మన్ విజ్‌డమ్ హాస్యాన్ని బ్రిటన్ విమర్శకుల్లో పలువురు చవకబారు కోతిచేష్టలుగా కొట్టిపారేశారు. ఆ తీర్పు సరికాదని నా అభిప్రాయం. జారిపడటాన్ని ఆయన ఒక విద్యగా సాధన చేశారు. ఆ సాధనకు పునాది పడింది మన లక్నోలో.

నార్మన్ 1915లో లండన్‌లో పుట్టారు. ఆయన చిన్నతనంలోనే తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. ఆకలితో, తండ్రి దెబ్బలతో బాల్యం గడిచింది. ఓడలో పనికుర్రాడిగా అర్జెంటీనా దాకా వెళ్లివచ్చిన ఆ పొట్టి కుర్రవాడు సైనిక బ్యాండులో చేరి, 1930లో లక్నోకు వచ్చి, అక్కడ గుర్రపుస్వారీ, బాక్సింగ్, వాద్య సంగీతం నేర్చుకున్నారు. తెరపై మెట్ల మీంచి దొర్లినా, నిచ్చెన మీంచి జారినా ఎక్కడా లయ తప్పని ఆ ఒడుపు వెనుక బాక్సర్ కాళ్లు, వాద్యకారుడి చెవులు ఉన్నాయి.

1953 నాటి ‘ట్రబుల్ ఇన్ స్టోర్’తో ఆయన పేరు మారుమోగింది. చాలీచాలని కోటు, వంకర టోపీ వేసుకుని, యజమాని చేత చీవాట్లు తినే చిరుద్యోగిని జనం తమవాడనుకున్నారు. పాట పాడి ప్రేక్షకుల కంట తడి పెట్టించాలన్న తాపత్రయం మాత్రం ఆయన సినిమాల్లో కాస్త ఎక్కువే. ఆ ఒక్క విషయంలో నేనూ విమర్శకుల పక్షమే.

అయితే ఆయన హాస్యం నిజంగా చవకబారుదే అయితే, అల్బేనియాలో ఆయనకు దక్కిన ఆదరణ సంగతి ఏమిటి? పాశ్చాత్య సినిమాలను దాదాపుగా నిషేధించిన అక్కడి కమ్యూనిస్టు నేత ఎన్వర్ హోజా పాలనలో కూడా విజ్‌డమ్ చిత్రాలకు అనుమతి లభించింది. యజమానితో తలపడే కార్మికుణ్ణి ఆ ప్రభుత్వం ఆయన పాత్రలో చూసిందంటారు; ప్రజలు మాత్రం హాయిగా నవ్వుకున్నారు. 2001లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు అల్బేనియా రాజధాని టిరానాకు వెళ్లినప్పుడు, అక్కడే ఉన్న ఈ వృద్ధ నటుడికి ఆ జట్టు తార బెక్‌హమ్‌ను మించిన ఆదరణ దక్కింది. భాష అడ్డురాని ఈ హాస్యాన్ని తక్కువరకమని ఏ కొలతతో అనగలం?

1981లో బీబీసీ నాటకంలో క్యాన్సర్ రోగిగా నటించి, ఆయన తనలోని గంభీర నటుణ్ణీ చూపించారు. 2000లో సర్ బిరుదు అందుకున్నాక, రాణి ఎదుటే కావాలని తడబడి ఆమెనూ నవ్వించారు.

మన ప్రవాస తెలుగు సంఘాల ఉగాది వేదికలపై హాస్యమంతా మాటల విరుపుల మీదే నడుస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి అది సగమే అందుతుంది. వచ్చే ఏడాది నాటిక రాసేవారు, సంభాషణలు కొంత తగ్గించి, ఒక అల్లరి చిరుద్యోగి పాత్రను ఆ పిల్లలకే అప్పగించి చూడాలని నా మనవి.