హెచ్‌ఓఏ బోర్డు లెక్కలు చూసేదెవరు?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇప్పుడు ఏ వీధికెళ్లినా తెలుగు వినబడుతుంది. అదే ఊళ్లో 2009లో ఒక సైనికాధికారి ఇరాక్‌లో డ్యూటీలో ఉండగా ఆయన ఇల్లు వేలంలో పోయింది. లోన్ లేదు, పూర్తిగా కట్టేసిన ఇల్లు. విలువ దాదాపు 3 లక్షల డాలర్లు. అమ్ముడైంది 3,500 డాలర్లకు. హెచ్‌ఓఏకి, అంటే ఇళ్ల యజమానుల కాలనీ సంఘానికి, కట్టాల్సిన బకాయి వెయ్యి డాలర్లు కూడా లేదు. ఇంటికొచ్చిన నోటీసులు ఎవరూ తెరిచి చూడలేదన్నది నిజమే. కానీ అంత చిన్న బాకీకి, కోర్టు గడప తొక్కకుండానే ఇల్లు అమ్మించే అధికారం ఒక కాలనీ సంఘానికి ఎందుకుండాలి? ఆ కుటుంబం పోరాడి ఇల్లు వెనక్కి తెచ్చుకుంది. 2011లో చట్టం మారింది, ఇప్పుడు వేలానికి ముందు కోర్టు ఆర్డర్ కావాలి.

ఇల్లు పోయేదాకా వస్తేనే కోర్టు. రోజువారీ వ్యవహారం మాత్రం అలాగే ఉంది. మేం సంఘానికి కట్టే డ్యూస్ పెంచేది, ఫైన్ వేసేది, కాంట్రాక్టులు ఇచ్చేది సంఘం బోర్డే. ఆ బోర్డును తనిఖీ చేసే రాష్ట్ర శాఖంటూ టెక్సాస్‌లో లేదు.

నా సంగతే చెబుతాను. మా కాలనీలో డ్యూస్ పెరిగితే, గడ్డి కోసే కాంట్రాక్టు కాపీ ఇవ్వమని రాశాను. పది పనిదినాల్లో ఇవ్వాలని చట్టం. మూడుసార్లు మెయిల్ పెడితే, మొత్తం ఖర్చులన్నీ కలిపేసిన ఒక్క పేజీ వచ్చింది. చెత్త డబ్బా రోడ్డుకు కనబడుతోందని మా ఇంటికి నోటీసు మాత్రం రెండోరోజే వచ్చింది, ఫోటోతో సహా. ఇక మిగిలింది చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టు. అక్కడ నా వైపు నేనొక్కణ్నే, వాళ్ల వైపు లాయర్. ఆ లాయర్ ఫీజు కూడా మేం కట్టే డ్యూస్‌లోంచే. ఆఫీసు పని, పిల్లల స్కూలు, పైన ఈ టెన్షన్ ఎందుకని వదిలేశాను. నాలా వదిలేసేవాళ్లే ఎక్కువ.

అలా ఏళ్లు గడిస్తే ఏమవుతుందో ఫ్లోరిడాలోని హ్యామక్స్‌లో చూశాం. వేల ఇళ్లున్న ఆ కాలనీలో 20 లక్షల డాలర్లకు పైగా దారి మళ్లించారన్న ఆరోపణలపై 2022 నవంబరులో పాత, కొత్త బోర్డు సభ్యులను అరెస్టు చేశారు. ఆ తర్వాత ఫ్లోరిడా చట్టాలను గట్టిపరిచి, వంద, అంతకు పైగా ఇళ్లున్న సంఘాలు రికార్డులను వెబ్‌సైట్‌లో పెట్టాలంది. మంచిదే, కానీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి.

నెవాడా పద్ధతి నాకు నచ్చింది. అక్కడ హెచ్‌ఓఏల కోసమే రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఆఫీసు, అంటే ఇళ్ల యజమానుల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు, ఉంది. ఫిర్యాదును విచారించి బోర్డు సభ్యులకు జరిమానా వేయడానికి, పదవి నుంచి తప్పించడానికి ఒక కమిషన్ ఉంది. ఖర్చుకు ఏటా ఇంటికి ఐదు డాలర్ల లోపే ఫీజు.

జీతం లేకుండా పనిచేసే పొరుగువాళ్లను ఇలా భయపెడితే బోర్డులోకి ఎవరొస్తారని అడుగుతారు. మా బోర్డులోనూ నిజాయితీగా, రాత్రిళ్లు కూర్చుని పనిచేసేవాళ్లున్నారు. అనుమానం వచ్చిన ప్రతిసారీ వాళ్లమీదా బురద పడుతోంది. బయటి అధికారి లెక్క చూసి సరిగ్గా ఉందంటే ముందుగా ఊపిరి పీల్చుకునేది వాళ్లే.

టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. రికార్డులు తెప్పించి చూసే అధికారమున్న ఆఫీసు ఒకటి పెట్టమని మా ప్రతినిధికి రాశాను. దానికోసం ఏటా ఇంకో ఐదు డాలర్లు కట్టడానికి సిద్ధమని కూడా రాశాను.