సీమకు ఉమ్మడి టిష్యూ ల్యాబ్ కావాలి, కానీ ముందు డబ్బాలో ఫార్మలిన్ ఉండాలి

మా చిన్నమ్మకు రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు ఒక చిన్న ఆసుపత్రిలో ముక్క తీసి, డబ్బాలో వేసి మా చేతికిచ్చారు. హైదరాబాద్‌లో పరీక్ష చేయించుకోమన్నారు. కర్నూలు నుంచి రెండు వందల కిలోమీటర్ల పైనే. రాత్రి బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. పొద్దున ల్యాబ్‌లో మూత తీసి వాసన చూసి, "ఇది సెలైన్ కదమ్మా, ఫార్మలిన్ కాదు" అన్నారు. ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవమే ఫార్మలిన్. క్యాన్సర్ అని చెప్పగలిగారు. ఏ మందు పనిచేస్తుందో తేల్చే హార్మోన్ పరీక్షను మాత్రం ఆ ముక్క మీద నమ్మలేమన్నారు. చిన్నమ్మకు మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది.

కర్నూలుకు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, సంతోషం. కానీ మన మాటలన్నీ రేడియేషన్ మెషిన్ల చుట్టూనే తిరుగుతున్నాయి. చికిత్సయినా, పరిశోధనయినా మొదలయ్యేది ఆ ముక్క దగ్గరే. దాన్ని మైనపు దిమ్మలో పెట్టి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి, రంగులేసి చూడాలి. రొమ్ము క్యాన్సరైతే ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ పరీక్షలు, హెర్2 అనే ప్రోటీన్ పరీక్ష కావాలి. హెర్2 ఫలితం 2+ వస్తే అవునో కాదో తేలనట్టే. అప్పుడు ఆ జన్యువును మెరిసే రంగుతో గుర్తించే ఫిష్ (FISH) పరీక్ష చేయాలి, దానికి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఉండాలి.

ఇవన్నీ ప్రతి ఊళ్లో పెట్టలేం. ఈ పరీక్షల్లో ముక్కకు రంగు పట్టించడానికి వాడే యాంటీబాడీ సీసాలకు ఎక్స్‌పైరీ ఉంటుంది. నెలకు నాలుగు కేసులొచ్చే చోట సగం సీసా పారబోయాల్సిందే. పైగా చెయ్యి తిరగాలంటే టెక్నీషియన్‌కు రోజూ పని ఉండాలి. కర్నూలు, కడప, అనంతపురం మెడికల్ కాలేజీల ముక్కలన్నీ ఒకే చోటికి చేరితే ఆ లెక్క మారిపోతుంది.

పరిశోధనకు అసలు బలం కూడా అక్కడే. టిష్యూ మైక్రోఅర్రే అనే పద్ధతి 1998 నుంచి ఉంది. ఒక్కో రోగి దిమ్మ నుంచి 0.6 మిల్లీమీటర్ల సన్నటి కడ్డీలాంటి ముక్క తీసి, అలాంటివి వందలు ఒకే దిమ్మలో నాటుతారు. అన్నిటికీ ఒకే రోజు, ఒకే యాంటీబాడీతో రంగు పడుతుంది కాబట్టి పోలిక నికరంగా ఉంటుంది. రోగుల అనుమతి తీసుకుని దిమ్మలు జాగ్రత్త చేస్తే, పొగాకు నమిలే మన ప్రాంతపు నోటి క్యాన్సర్ల గురించి మన పీజీ విద్యార్థులే గట్టి ప్రశ్నలు వేయగలరు. స్లైడ్‌ను కంప్యూటర్ బొమ్మగా మార్చే స్కానర్ ఉంటే కడపలోని పాథాలజిస్టు అక్కడి నుంచే చూసి అభిప్రాయం చెప్పొచ్చు. పరికరాలను పంచుకోవడం కొత్తేమీ కాదు. పరిశోధన పరికరాలను సంస్థలు పంచుకునేందుకు కేంద్రం 2020లోనే ఐ-స్టెమ్ అనే వెబ్ పోర్టల్ తెచ్చింది.

అయితే ఖరీదైన కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌తో మొదలుపెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ముందు టెక్నీషియన్ల జీతాలకు, మెషిన్ల సర్వీస్ కాంట్రాక్టులకు డబ్బు కేటాయించాలి. ప్రతి ఏరియా ఆసుపత్రికి ఫార్మలిన్ పోసిన డబ్బాలు వెళ్లాలి. ముక్క ఎన్నింటికి తీశారో, ఎన్నింటికి ఫార్మలిన్‌లో వేశారో డబ్బా మీదే రాయాలి. రెంటికీ మధ్య గంట దాటకూడదు. ఫార్మలిన్‌లో ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. అందుకే రోజూ సాయంత్రం కడపలో, అనంతపురంలో ఆ డబ్బాల కోసం ఒక బండి బయల్దేరాలి. ఆ డబ్బా రోగి ఇంటివాళ్ల ఒళ్లో ఉండకూడదు.