రెండో కుదుపుకు పిల్లర్‌ను నిలబెట్టేది రింగులే

2023 ఫిబ్రవరి 6న తుర్కియేను 7.8 తీవ్రతతో కుదిపిన భూమి, తొమ్మిది గంటలకే మళ్లీ 7.5 తీవ్రతతో కంపించింది. 2016లో జపాన్‌లోని కుమమోతోను రెండు భారీ భూకంపాలు 28 గంటల తేడాతో తాకాయి. మనం మాత్రం వంతెన పిల్లర్‌ను ఒక్క భూకంపానికే లెక్కగడుతున్నాం. ఈ పద్ధతి మారాలి. పిల్లర్‌ను ఇంకా లావు చేస్తే చాలదు, లోపల నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనుప రింగులు బాగుండాలి.

మొదటి కుదుపులో పిల్లర్ తనను తాను ఖర్చు చేసుకుని నిలబడుతుంది. అడుగు భాగంలో నిలువు రాడ్లు సాగుతాయి, రాడ్లను కప్పే పైపొర కాంక్రీటు, అంటే కవర్, పెచ్చులూడుతుంది, బిగువు తగ్గుతుంది. అందుకే రెండోసారి ఇంకా ఎక్కువ ఊగుతుంది. సాగిన రాడ్ మీద ఒత్తిడి పడగానే అది రింగుకీ రింగుకీ మధ్య పక్కకు ఉబ్బుతుంది. ఎదురు ఊపులో మళ్లీ సాగుతూ, ఉబ్బిన చోటే తెగుతుంది. రింగుల ఎడం నిలువు రాడ్ మందానికి ఆరు రెట్లు మించకూడదనేది ఇందుకే. 1971 శాన్ ఫెర్నాండో భూకంపానికి ముందు కాలిఫోర్నియాలో అర అంగుళం మందపు రింగును అడుగుకొకటి చొప్పునే కట్టేవారు.

ఎడం సరిపోయినా, రింగు కొసను వంచే హుక్కు తప్పితే ఫలితం లేదు. 90 డిగ్రీలకు వంచిన కొస కవర్‌లోనే ఉంటుంది. కవర్ రాలగానే రింగు విచ్చుకుంటుంది. 135 డిగ్రీలు వంచితే కొస లోపలి కాంక్రీటును పట్టుకుంటుంది. భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 13920 అడిగేదీ అదే.

జపాన్‌లో భూకంపంలా ఊపి పరీక్షించే ఇ-డిఫెన్స్ షేక్ టేబుల్‌పై, అక్కడి కొత్త కోడ్ ప్రకారం కట్టిన 7.5 మీటర్ల పిల్లర్‌ను, 1995 కోబె భూకంపంలో తకతోరి స్టేషన్ వద్ద నమోదైన కదలికలతో పదేపదే ఊపారు. తర్వాత పిల్లర్‌పై మోపిన బరువు పెంచి, కదలికలను 125 శాతం చేశారు. చివరికి లోపలి కాంక్రీటు గడ్డలుగా చితికి, రాడ్ల సందుల్లోంచి బయటికొచ్చింది. మంచి పిల్లర్‌కూ ఓ హద్దుంది. అందుకే మొదటి కుదుపు తర్వాత పిల్లర్ పక్కకు ఎంత ఒరిగి ఉండిపోయిందో కొలవాలి. కోబెలో తమ ఎత్తులో 1.75 శాతానికి మించి ఒరిగిన వందకు పైగా పిల్లర్లను పడగొట్టాల్సి వచ్చింది. పది మీటర్ల పిల్లర్‌కు అది 17.5 సెంటీమీటర్లే.

తెలుగు నేలపై భూకంపాల ముప్పు తక్కువ, ఈ ఖర్చెందుకన్న వాదన ఉంది. 2024 డిసెంబరులో ములుగులో వచ్చింది 5.3 తీవ్రతే కదా అంటారు. కానీ మన కాంట్రాక్టర్లు, ఇంజినీర్లు ముప్పు ఎక్కువున్న గుజరాత్‌లోనూ ఈశాన్యంలోనూ కడుతున్నారు. పైగా హుక్కును సరిగ్గా వంచడానికి పట్టే అదనపు ఇనుము కొన్ని అంగుళాలే.

అసలు లోపం బిల్లులో ఉంది. ఇనుముకు టన్నుల్లో, కాంక్రీటుకు ఘనపు మీటర్లలో డబ్బులిస్తాం. హుక్కు కోణానికి బిల్లులో ఏ గడీ లేదు. ఎండలో వంగి ఒక్కో రింగూ కట్టే రాడ్ బెండర్‌కు 135 డిగ్రీలు ఎందుకో చెప్పేవారు లేరు, నేర్పుతో చేసిన పనికి కూలి పెంచేవారూ లేరు. కాంక్రీటు పోశాక ఆ తప్పు ఎవరికీ కనపడదు. కాబట్టి సెంట్రింగ్ మూయకముందే ప్రతి పిల్లర్ అడుగు భాగంలో రింగుల ఎడాన్ని టేపుతో కొలిచి, హుక్కులను దగ్గరగా ఫోటో తీసి, పిల్లర్ నంబరుతో భద్రపరచాలి. ఆ ఫోటోలు లేని బిల్లును పాస్ చేయకూడదు.